గేటు కెమెరా చీకటి పడగానే ఆగిపోతోంది. నెట్ వైరులో కరెంటు పంపడం తప్పా?

వంశధార_గట్టు (కాశీనగర్, గజపతి జిల్లా):

అందరికీ నమస్కారం. మా మావయ్య గారి రైస్ మిల్లులో ఈ మధ్య నాలుగు కెమెరాలు పెట్టించాం. ఆఫీసు గదిలో రెండు, కళ్లం వైపు ఒకటి, గేటు దగ్గర ఒకటి. మొదటి మూడిటితో ఏ గొడవా లేదు. నా ప్రాణం తీస్తున్నది గేటు కెమెరా ఒక్కటే.

పగలంతా బొమ్మ అద్దంలా ఉంటుంది. సాయంత్రం వెలుతురు తగ్గేసరికి బొమ్మ నలుపూ తెలుపులోకి మారుతుంది, కెమెరా మూతి చుట్టూ ఉన్న బుల్లి బల్బులు ఎర్రగా వెలుగుతాయి, లోపల టిక్కుమని చప్పుడు వస్తుంది, అంతే, స్క్రీన్ ఖాళీ. కాసేపటికి దానంతట అదే లేస్తుంది, మళ్లీ టిక్కు. తెల్లవార్లూ ఇదే తంతు. ధాన్యం లారీలు దిగేది రాత్రి పూటే, మరి ఆ కెమెరా ఉండి లాభమేంటి?

గేటు దగ్గర కరెంటు పాయింటు లేదు. అందుకని బిగించినతను నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపాడు. ఆఫీసులో 12 వోల్టుల, 2 ఆంపుల ఎడాప్టర్ ఉంది. కేబుల్‌కి రెండు కొసలా వై ఆకారంలో చిన్న ముక్కలు తగిలించాడు, ఒక కాలు నెట్‌కి, ఒక కాలు కరెంటుకి. కేబుల్ పొడవు 60 మీటర్లు. ఫోన్ చేస్తే 'కెమెరా పోయింది, కొత్తది కొనండి' అంటున్నాడు. కాని గేటు కెమెరాని విప్పి ఆఫీసులో తగిలిస్తే రాత్రంతా నిక్షేపంగా నడిచింది. మావయ్యేమో 'నెట్ వైరులో కరెంటేమిట్రా, రేపు మిల్లు తగలడిపోతుంది, గేటుదాకా వేరే కరెంటు లైను లాగించు' అని పట్టుబట్టాడు. మధ్యలో లారీలు తిరిగే దారి ఉంది, తవ్వాలంటే పెద్ద పని.

అసలు నెట్ వైరులో కరెంటు పంపడమే తప్పా? లేక మాకు చేసిన పద్ధతి తప్పా?

బరంపురం_బుల్లోడు:

సింపుల్ బ్రదర్. ఎడాప్టర్ చాలట్లేదు. 2 ఆంపులది తీసేసి 5 ఆంపులది పెట్టు, పని అయిపోతుంది. మా షాపులో నేనూ అదే చేశాను.

పాత_ఎక్స్ఛేంజ్ (పర్లాకిమిడి):

బాబూ, ముందు మీ మావయ్య గారికి ఈ మాట చెప్పు. మాట మోసే వైరులోనే కరెంటు పంపడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేసి రిటైరయినవాణ్ణి. ఊళ్లో కరెంటు పోయినా ఇంట్లో ల్యాండ్ ఫోన్ మోగేది, ఆయనకి గుర్తుండే ఉంటుంది. ఆ ఫోన్‌కి ఇంట్లో ప్లగ్గు లేదు కదా. ఎక్స్ఛేంజ్ గదిలో ఉన్న 48 వోల్టుల బ్యాటరీ సెట్టు నుంచి సన్నటి రాగి జత మీద కిలోమీటర్ల దూరం కరెంటు వెళ్లేది. రిసీవర్ ఎత్తితే ఏ పాతికో ముప్ఫయ్యో మిల్లీఆంపులు పారేవి, దాంతోనే మాట్లాడేవాళ్లం. ఒక్క కొంప కాలలేదు. రింగు వచ్చేటప్పుడు మాత్రం 75 వోల్టుల ఏసీ వెళ్లేది. జాయింట్ చేస్తుండగా ఎవరైనా ఆ నంబరుకి ఫోన్ కొట్టారంటే లైన్‌మన్ నోట బూతే.

కాబట్టి వైరులో కరెంటు పంపడం తప్పు కాదు. తప్పంతా ఆ 12లో ఉంది. ఎంత దూరం పంపాలంటే అంత వోల్టు పెంచి, ఆంపులు తగ్గించాలి. మన ఊళ్ల మీదుగా పోయే హైటెన్షను లైన్లు ఎందుకున్నాయి మరి? 12 వోల్టులు పెట్టి 60 మీటర్లు తోస్తే, దారిలోనే సగం పోతుంది.

బుల్లోడు బాబు చెప్పింది వినకు. ఎడాప్టర్ మీద 5 ఆంపులని రాసి ఉన్నంత మాత్రాన అవి ఆ వైరులోంచి దూరవు. వాళ్ల షాపులో వైరు ఏ పది మీటర్లో ఉండి ఉంటుంది, అందుకే నడిచింది.

నాకు మూడు సంగతులు కావాలి. ఒకటి, కేబుల్ మిగులు ముక్క ఉంటే లోపలి తీగని బ్లేడుతో గీకి లోపల ఏ రంగుందో చూడు. రెండు, గేటు దగ్గర కెమెరాకి వెళ్లే కరెంటు జాక్ వెనక ఇన్సులేషన్ కొంచెం ఒలిచి, కెమెరా నడుస్తుండగానే మీటరు పెట్టు. పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి. విడిగా పీకేసి కొలిస్తే 12 చూపిస్తుంది, దాన్ని నమ్మకు. మూడు, కెమెరా కింద స్టిక్కరు మీద ఏం రాసుందో చదివి పెట్టు.

వంశధార_గట్టు:

మాస్టారూ, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే అన్నీ చూశాను.

తీగ పైకి రాగి రంగే. గీకితే లోపల వెండిలా తెల్లగా ఉంది. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగిపోయింది. కేబుల్ అట్టపెట్టె మీద క్యాట్ 5ఈ అని పెద్దక్షరాలు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో సీసీఏ అని ఉంది.

మీటరు పగలు 9.8 చూపించింది. సాయంత్రం అక్కడే నిలబడి చూశాను. ఎర్ర బల్బులు వెలగ్గానే అంకె జారుడుబల్ల మీద జారినట్టు 9, 8, 7... కెమెరా ఆరిపోగానే మళ్లీ 12కి ఎగిరింది. కెమెరా లేస్తుంటే దిగింది.

స్టిక్కరు మీద: 12 వోల్ట్ డీసీ, పీఓఈ 802.3ఏఎఫ్, గరిష్ఠం 5 వాట్లు.

ఇంకో మాట. ఇది తేలాక రోడ్డు పక్కన లారీ కాటా దగ్గర ఇంకో కెమెరా పెట్టమంటున్నాడు మావయ్య. అది ఆఫీసుకి 140 మీటర్లు. అక్కడ కాటా గుమస్తా గదిలో కరెంటు ఉంది.

పాత_ఎక్స్ఛేంజ్:

ఇంకేం, దొంగ దొరికేశాడు. పీఓఈ అంటే స్టాండర్డ్ పద్ధతిలో నెట్ వైరులోనే కరెంటు పంపడం. స్టిక్కరు మీద అది ఉన్న కెమెరాకి ఈ వై ముక్కలు ఎందుకు తగిలించాడో ఆ బిగించినతన్నే అడగాలి. పీఓఈ స్విచ్, అంటే నెట్‌తో పాటు కరెంటూ ఇచ్చే డబ్బా, దాని డబ్బులు మిగుల్చుకున్నాడు, ఇంకేటి.

లెక్క చూడు, నీకే తెలుస్తుంది. క్యాట్ 5ఈ రకం నెట్ కేబుల్‌లో అసలు రాగి తీగ అయితే 100 మీటర్లకి దగ్గర దగ్గర 9 ఓములు. నీది సీసీఏ, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం, దానికి ఒకటిన్నర రెట్ల పైన, 14.5 అనుకో. 60 మీటర్లకి తీగకి 8.7. ఆ వై ముక్కలు నీలం జతని ప్లస్‌కి, గోధుమ జతని మైనస్‌కి వాడతాయి. జతలో రెండు తీగలు కలిసి మోస్తాయి గనక సగం, వెళ్లడానికీ రావడానికీ కలిపి మళ్లీ రెట్టింపు. మొత్తం అదే 8.7 ఓములు.

ఇప్పుడు అసలు కిటుకు. ఒక వైరు అవతలి కొసకి చేర్చగల వాట్లకి ఒక హద్దుంది. వోల్టుని వోల్టుతో హెచ్చించి, వైరు రెసిస్టెన్స్‌కి నాలుగింతలతో భాగిస్తే ఆ హద్దు వస్తుంది. 144ని 34.8తో భాగించు. 4.1 వాట్లు! ఎడాప్టర్ 2 ఆంపులదైనా 50 ఆంపులదైనా అంతకు మించి గేటుకి చేరదు. పగలు నీ కెమెరా రెండున్నర వాట్లు తింటోంది, అందుకే 9.8 దగ్గర నిలబడింది. రాత్రి బల్బులు వెలిగితే 5 వాట్లు కావాలి. కెమెరా లోపలి సర్క్యూట్ వోల్టు తగ్గేకొద్దీ ఆంపులు ఇంకా ఎక్కువ లాగుతుంది, లాగేకొద్దీ వైరులో ఇంకా పోతుంది, వోల్టు ఇంకా పడుతుంది. నువ్వు మీటరులో చూసిన జారుడు అదే. చివరికి టిక్కు. లోడు పోగానే 12.

పోనీ మంచి రాగి వైరు తెచ్చి ఈ 12 వోల్టులే పంపితే? 5.4 ఓములు, 5 వాట్లకి గేటు దగ్గర సరిగ్గా 9 వోల్టులు. చాలా కెమెరాలు తట్టుకునే అంచు అది. ఒక కనెక్టరుకి చెమ్మ పట్టిందంటే మళ్లీ కథ మొదటికే.

అదే వైరుకి 48 పెట్టు. 5 వాట్లకి పారేది ఆంపులో పదో వంతు. ఆ చవక వైరులోనే దారిలో పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. వోల్టు నాలుగింతలైతే ఆ హద్దు పదహారింతలు అవుతుంది. నీ గేటు కెమెరాకి కావలసిన మందు ఒక పీఓఈ స్విచ్, అంతే. ఆ వై ముక్కలు రెండూ తీసి అవతల పారెయ్. కేబుల్ ఒక కొస స్విచ్‌లో, ఒక కొస నేరుగా కెమెరాలో.

48 అంటే మావయ్య గారు మళ్లీ కంగారు పడతారు గనక ఇది కూడా చెప్పు. స్టాండర్డ్ స్విచ్ పోర్టులో ఊరికే 48 వోల్టులు కాచుకుని ఉండవు. ఏదైనా తగిలిస్తే ముందు 10 వోల్టుల లోపు కొంచెం పంపి, అవతల 25 కిలో ఓముల రెసిస్టెన్స్ ఉందా అని చూస్తుంది. కరెంటు అడిగే హక్కున్న పరికరంలో ఆ రెసిస్టెన్స్ పెట్టే తయారు చేస్తారు. అది కనిపిస్తే 15 నుంచి 20 వోల్టుల మధ్య ఇంకోసారి పంపి, దీనికెన్ని వాట్లు కావాలో తెలుసుకుంటుంది. అప్పుడు గాని పూర్తి వోల్టు వదలదు. ల్యాప్‌టాప్ తగిలించావనుకో, ఆ రెసిస్టెన్స్ కనపడదు, కరెంటు ఇవ్వదు. వైరు ఊడిపోయినా, వాడకం ఓ పది మిల్లీఆంపుల కిందికి పడిపోయినా, అర సెకను లోపే కట్. మా ఎక్స్ఛేంజ్‌లో రిసీవర్ ఎత్తితే లూపు కలిసిందని తెలిసేది, పెడితే విడిపోయిందని తెలిసేది. వీళ్లు దానికి అడిగి ఇచ్చే మర్యాద చేర్చారు. నిజానికి ఈ వ్యవహారం మొదలైందీ ఫోన్ల కోసమే. సిస్కో వాళ్లు 2000లో ఆఫీసు బల్లల మీది ఐపీ ఫోన్లకని సొంతంగా తెచ్చారు, 2003లో 802.3ఏఎఫ్ అని అందరికీ స్టాండర్డ్ అయింది.

ఆ స్టాండర్డ్ లెక్క నాకు భలే నచ్చుతుంది. స్విచ్ కనీసం 44 వోల్టుల దగ్గర 350 మిల్లీఆంపులు ఇవ్వాలి, అంటే 15.4 వాట్లు. వంద మీటర్ల పాత వైరు 20 ఓములు ఉంటుందని అనుకుని, దారిలో 7 వోల్టులు పోయినా అవతల 37 మిగిలేట్టు కట్టారు. కెమెరాకి 12.95 వాట్లు ఖాయం. ఎంత పోతుందో ముందే రాసిపెట్టుకుని మొదలెట్టారు. నీ మిల్లులో ఆ లెక్క వేసినవాడు లేడు.

మరి వైరు మార్చాలా? పని జరుగుతుందా అంటే, ఈ వైరుతోనే రేపు రాత్రికి కెమెరా నిలబడుతుంది. కాని ఉంచుకోవద్దనే అంటాను. గేటు గాలికి ఊగే చోట అల్యూమినియం తీగ విరుగుతుంది, నువ్వే చూశావు. కనెక్టరు పిన్ను గుచ్చుకున్న చోట పూత చిట్లి, అల్యూమినియం తుప్పు పట్టి, రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుంది. ఊక ధూళి నిండిన మిల్లులో వేడెక్కే జాయింటు నాకు ఇష్టం లేదు. ముందు స్విచ్ కొను, సీజను అయ్యాక వైరు మార్చు.

రాయగడ_నెట్‌వాలా:

మాస్టారు చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను రోజూ బిగించేవాణ్ణి, కొనేటప్పుడు మోసపోకుండా నాలుగు ముక్కలు చెప్తాను.

షాపువాడు 'ఇదీ పీఓఈయే' అని 24 వోల్టుల చిన్న డబ్బా చేతిలో పెడతాడు. అది ప్యాసివ్. వైర్‌లెస్ నెట్ రేడియోలకి వాడతారు. అది అడగదు, చూడదు, తగిలించిన దాని నెత్తిన 24 కొట్టేస్తుంది. ఏఎఫ్ కెమెరా దాంతో లేవదు. పీఓఈ తెలియని పరికరం తగిలిస్తే పోయినా పోవచ్చు. డబ్బా మీద 802.3ఏఎఫ్ గాని, ఏటీ గాని స్పష్టంగా ఉంటేనే కొను. ఏటీ అంటే 2009లో వచ్చింది, పోర్టుకి 30 వాట్లు, తలతిప్పే పెద్ద కెమెరాలకి. 2018లో వచ్చిన బీటీ నాలుగు జతలూ వాడి 90 వాట్ల దాకా ఇస్తుంది, మిల్లుకి దాంతో పని లేదు.

పోర్టుల లెక్కే కాదు, మొత్తం వాట్లు కూడా చూడాలి. ఎనిమిది పోర్టులకీ 15.4 చొప్పున ఇవ్వాలంటే 123 వాట్లు కావాలి. చవక స్విచ్‌ల ఎడాప్టర్ అందులో సగం కూడా ఉండదు. నీకున్న కెమెరాలకి 60 వాట్లది బోలెడు. మిగతా మూడు కెమెరాల ఎడాప్టర్లు కూడా పీకేసి అన్నీ స్విచ్‌కే తగిలించు. స్విచ్‌నీ ఎన్‌వీఆర్‌నీ (కెమెరాల బొమ్మలు రికార్డు చేసే డబ్బా) ఒక ఇన్వర్టర్ మీద పెడితే కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి. మన వైపు కరెంటు సంగతి తెలిసిందేగా.

140 మీటర్ల కాటాకి కూడా భయపడక్కర్లేదు. చాలా స్విచ్‌లకి ఎక్స్‌టెండ్ అని ఒక మీట ఉంటుంది. అది వేస్తే 250 మీటర్ల దాకా పోతుంది. స్పీడు 10 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది గాని ఒక్క కెమెరాకి అది చాలు. నేను చాలా చోట్ల పెట్టాను.

పాత_ఎక్స్ఛేంజ్:

నెట్‌వాలా బాబూ, ఆ మీట సంగతి ఒప్పుకుంటాను, కాని కాటాకి అది వద్దు. నడవదని కాదు. 140 మీటర్ల మంచి రాగి మీద 5 వాట్లకి వోల్టున్నర కూడా పోదు. వంద మీటర్ల హద్దు కరెంటుది కాదు, డేటాది. ఆ మీట డేటాని నెమ్మదింపజేసి హద్దు దాటిస్తుంది. అది కంపెనీవాడు సొంతంగా పెట్టిన వెసులుబాటు, స్టాండర్డ్‌లో లేదు. ఒక స్విచ్‌తో నడిచింది ఇంకో స్విచ్‌తో నడవకపోవచ్చు.

నా అసలు భయం పిడుగు. వేసవి సాయంత్రాలు మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు ఎలా కమ్ముకొస్తుందో మీకు నేను చెప్పాలా. మిల్లు నుంచి రోడ్డుదాకా ఆరుబయట రాగి తీగ లాగితే, పిడుగు దగ్గర్లో ఎక్కడ పడ్డా దాని దెబ్బ ఆ తీగలోకి వచ్చి నేరుగా స్విచ్‌లోకి, స్విచ్‌లోంచి అన్ని కెమెరాల్లోకీ పోతుంది. పైగా కాటా గదికి ఒక ఎర్తు, మిల్లుకి ఇంకో ఎర్తు, రెంటి మధ్య వోల్టు తేడా వస్తే అదీ ఈ తీగలోనే పారుతుంది. ఎక్స్ఛేంజ్‌లో బయటి నుంచి వచ్చే ప్రతి జతకీ పిడుగు దెబ్బని ఎర్తుకి మళ్లించే అరెస్టరు ఉండేది, అది లేకుండా ఒక్క లైను లోపలికి రానిచ్చేవాళ్లం కాదు.

కాటా గదిలో కరెంటు ఉందన్నాడు కదా కుర్రాడు. అయితే అక్కడిదాకా ఫైబర్ వెయ్, అంటే కరెంటు కాకుండా వెలుతురు మోసే గాజు తీగ. ఫైబర్‌ని నెట్ వైరుకి కలపడానికి రెండు కొసలా రెండు మీడియా కన్వర్టర్లు, కెమెరా వైరులోకి కరెంటు ఎక్కించడానికి కాటా గదిలో ఒక చిన్న పీఓఈ ఇంజెక్టర్. లోపల ఇనప తీగ లేని ఫైబర్ అడుగు, అందులో పిడుగు నడవదు. గేటు కెమెరా వైరుకి మాత్రం స్విచ్ పక్కన ఒక సర్జ్ ప్రొటెక్టర్ (అరెస్టరు లాంటిదే) పెట్టి, దాని ఎర్తు వైరుని నిజంగా ఎర్తుకి కలుపు. చాలామంది ప్రొటెక్టర్ బిగించి ఎర్తు వైరుని గాల్లో వదిలేస్తారు. అది పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

బరంపురం_బుల్లోడు:

మాస్టారూ, మా షాపులో కొలిచాను. వైరు 8 మీటర్లు. 😅

వంశధార_గట్టు:

స్విచ్ తెచ్చాను, 60 వాట్లది, ఏఎఫ్, ఏటీ రెండూ రాసి ఉన్నాయి. వై ముక్కలు తీసేశాను. రాత్రంతా గేటు కెమెరా ఒక్కసారి కూడా పడలేదు. స్విచ్ యాప్‌లో పోర్టు పక్కన వాట్లు కనిపిస్తున్నాయి, పగలు 2.6, రాత్రి 4.9. లారీ నంబరు ప్లేటు కూడా చదవగలుగుతున్నాం. మావయ్య పొద్దున్నే వచ్చి, వైరు వేడిగా ఉందేమోనని చేత్తో పట్టుకుని మరీ చూశాడు.

మంచి రాగి కేబుల్ ఎక్కడ కొనాలి? ఇక్కడి షాపుల్లో అన్నీ సీసీఏలే. విశాఖపట్నం వెళ్లే పని ఉంది, గుణుపూర్ పాసింజరులో తెచ్చుకోగలను.

పాత_ఎక్స్ఛేంజ్:

విశాఖలో దొరుకుతుంది. షాపువాడితో 'ప్యూర్ కాపర్' అంటే అందరూ అవుననే అంటారు, ఆ మాట వినకు. పెట్టె ఎత్తి చూడు. 305 మీటర్ల పెట్టె సీసీఏదైతే చేతికి తేలిగ్గా వస్తుంది, రాగిదైతే బరువు వెంటనే తెలుస్తుంది. ఒక కొస ఒలిపించి అక్కడే బ్లేడుతో గీకు, లోపల కూడా ఎర్రగానే ఉండాలి. గీకనివ్వని షాపులో కొనకు. ఎండలో ఉండే కేబుల్ గనక నల్ల తొడుగు ఉన్న అవుట్‌డోర్ రకమే తీసుకో, ఆ బూడిద రంగుది రెండు వేసవులకి పెళుసెక్కిపోతుంది. గేటు దాకా లాగేటప్పుడు మోటారు వైర్లతో కలిపి ఒకే పైపులో దూర్చొద్దు, విడిగా వెయ్యి. కెమెరా దగ్గర కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి, తర్వాత పైకి కనెక్టరులోకి తీసుకెళ్లు, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. స్విచ్‌ని హాలరు (ధాన్యం పొట్టు తీసే మిషను) గది గోడకి కాకుండా ఆఫీసులోనే పెట్టు. ఊక ధూళి వెళ్లి గాలి కన్నాలు మూసేస్తే అది నెలల్లోనే ఉడికిపోతుంది.